తమ్ముడికి దక్కకుండా

సూర్యకళ గారికి నచ్చిన మనుషుల పేర్లు రాయమంటే పోస్టుకార్డులో సగం కూడా నిండదు. ఆ సగంలోనూ పోయినవాళ్ళే ఎక్కువ. బతికున్నవాళ్ళు ఏదో ఒక రోజు ఏదో ఒక తెలివితక్కువ పని చేసి ఆవిడ కంట పడుతూనే ఉంటారు. ఒకసారి పడ్డారా, ఇక ఆ మనిషికి ఈ జన్మకు విముక్తి లేదు. కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు రామతులసి ఆరేళ్ళ క్రితం ఎవరో ఫోన్ చేసి అడిగితే ఓటీపీ చెప్పేసింది. ఆ తర్వాత రామతులసి ఎన్ని నోములు నోచినా, ఎన్నిసార్లు పులిహోర మేడ మీదికి పంపినా, సూర్యకళ గారి దృష్టిలో ఆవిడ ఓటీపీ చెప్పిన మనిషే. పులిహోర మాత్రం తినేవారు. ఉప్పు తక్కువైందని చెప్పి గిన్నె తిరిగిచ్చేవారు.

సూర్యకళ గారు కాకినాడలో డిగ్రీ చదివి ఇరవై రెండేళ్ళకే తపాలా ఉద్యోగంలో చేరిన మనిషి. వాళ్ళ ఊళ్ళో గవర్నమెంటు కుర్చీలో కూర్చున్న మొదటి ఆడపిల్ల. ఆవిడ కుర్చీ ఎక్కిన రోజునే కళ్ళు నెత్తికెక్కాయని ఊళ్ళో అనుకున్నారు, మళ్ళీ దిగినట్టు ఎవరూ చెప్పలేదు. ముప్పై ఎనిమిదేళ్ళు ఒక సబ్ పోస్టాఫీసు కౌంటర్లో కూర్చుని, ఒక్క ఫారం కూడా మొదటిసారికే తీసుకోలేదన్నది ఆవిడ గర్వం. వేలిముద్ర పక్కన సాక్షి సంతకం లేదు, పొండి. నామినీ పేరు రాయలేదు, పొండి. మొగుడు పోయి నెల తిరక్కుండా, ఆయన పాసుబుక్కు కొంగున కట్టుకుని రెండు బస్సులు మారి వచ్చిన మనిషిని మూడుసార్లు వెనక్కి పంపి, నాలుగోసారి కూడా డెత్ సర్టిఫికెట్టు జిరాక్సు మసగ్గా ఉందన్నారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆవిడకు 'ఇంకో కాగితం అమ్మగారు' అని పేరు పెట్టుకున్నారు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. తెలిసి సంతోషించారు కూడా.

భర్త ఎలిమెంటరీ స్కూలు మాస్టారు, నోట్లో నాలుక లేని మనిషి. పిల్లలు లేరు. ఆయన కట్టిన ఇల్లు ఆయన జబ్బుకే అమ్మేయాల్సి వచ్చింది. ఆయన పోయి పదకొండేళ్ళయింది. బతికున్నన్నాళ్ళూ కాఫీ చప్పుడు చేస్తూ తాగుతారని సాధించిన ఆవిడ, పోయాక ఆయన పేరును నచ్చినవాళ్ళలో చేర్చుకున్నారు. ఇప్పుడు రామచంద్రపురంలో ఈ మేడ మీది రెండు గదులు, పెన్షను, పుట్టింటి ఊళ్ళో ఎకరంన్నర పొలం. అరవయ్యారేళ్ళకు ఆవిడ ప్రపంచం అంతే. దాన్ని కూడా ఏలుబడి చేస్తున్నట్టే ఉండేవారు.

మొన్న ఆషాఢంలో డాక్టరు గుండె పరీక్షలన్నీ చేసి, "ఇప్పుడిప్పుడే భయం లేదండి, కానీ చక్కబెట్టుకోవాల్సిన పనులేవైనా ఉంటే చక్కబెట్టుకోండి" అన్నాడు. ఆ వెధవ టై కట్టుకోవడం కూడా రాని మనిషి, వీడు నాకు చెప్పేదేంటి అనుకుంటూ మెట్లు దిగారు గానీ, ఆటోలో కూర్చున్నాక ఆ మాట లోపల గుచ్చుకుంది. చావంటే భయం లేదు ఆవిడకు. తాను పోయిన మర్నాడే తమ్ముడు గణేష్‌బాబు ఆ పొలం గట్టు మీద నిలబడి, భుజం మీది తువ్వాలు దులుపుకుని, ఇక ఇదంతా మనదే అనడం తలుచుకుంటే మాత్రం ఒళ్ళు మండిపోయింది. అది జరగకూడదు. అది జరగకుండా వీలునామా రాయించాలి. రాజమండ్రిలో యుగంధర్ గారనే లాయరు ఇలాంటివి చూస్తారని తెలుసుకుని, ఫోన్ చేసి, శుక్రవారం పదింటికి రమ్మనిపించుకున్నారు.

ఆ గణేష్‌బాబు చేసిన నేరాలేంటయ్యా అంటే, పెద్ద పట్టీయే ఉంది. పదో తరగతి రెండుసార్లు తప్పాడు. ప్రతి మాటకూ "ఆయ్" అంటాడు. లుంగీ మీద బజారుకొస్తాడు. బావగారి దినం నాడు అందరూ చేతులు కడుక్కున్నాక కూడా విస్తరి ముందు కూర్చుని ఇంకాస్త పెరుగు అడిగాడు. అన్నిటికంటే పెద్దది, అక్క కొబ్బరిచెట్ల కాయలే అక్కకు ఏరి తెస్తాడు. ఆ ఎకరంన్నర తోటలో పెద్ద కాయలన్నీ వ్యాపారికి వెళ్ళిపోతాయి, నిమ్మకాయంత గిటకలన్నీ బస్తాలో మేడెక్కుతాయి. అరవై రెండేళ్ళ మనిషి ఆ బస్తా భుజాన వేసుకుని రొప్పుతూ మెట్లెక్కి వస్తే, సూర్యకళ గారు మంచినీళ్ళిచ్చే ముందు ఒక కాయ తీసి వేళ్ళతో ఊపి చూసి, "వీటినే కాయలంటారా మీ ఊళ్ళో" అనేవారు. గణేష్‌బాబు "ఈ ఏడు తెగులక్కా" అనేవాడు. ముప్పై ఏళ్ళుగా ఆ తోటకు తెగులే.

తమ్ముడికి కాకపోతే మరెవరికి? దీనికి ఆవిడ నాలుగు రోజులు ఆలోచించారు. గణేష్‌బాబు కొడుకు మురళీకృష్ణ ఉన్నాడు. వాడు కడియం నర్సరీల్లో మొక్కల లారీలు పంపే పని చేస్తాడు, ఫోన్లో మాట్లాడుతూ అన్నం తింటాడు, కాబట్టి వద్దు. భర్త తరఫువాళ్ళున్నారు గానీ, వాళ్ళలో ఒక్కరికీ ఉత్తరం మీద పిన్‌కోడు రాయడం తెలియదు. పనిమనిషి చిట్టెమ్మకు రాద్దామని ఒక పూటంతా అనుకున్నారు, సాయంత్రానికి చిట్టెమ్మ పాలగిన్నె మాడ్చింది. చివరికి రాజమండ్రి అవతల ఎక్కడో ఉన్న ఒక అనాథాశ్రమం ఖాయమైంది. వాళ్ళ కరపత్రం ఒకటి పాత డైరీలో దొరికింది. ఆ ఆశ్రమాన్ని ఆవిడ ఎప్పుడూ చూడలేదు. చూడలేదు కాబట్టి వాళ్ళ తప్పులేవీ ఆవిడకు ఇంకా తెలియవు.

లాయరు గారి ఆఫీసు నుంచి ఏమేం తీసుకురావాలో వాట్సాప్‌లో జాబితా వచ్చింది. అందులో నాలుగో నంబరు రెండుసార్లు పడింది. ఇంత చిన్న జాబితాకే నంబర్లు వేయడం రాని మనిషి రేపు కోర్టులో ఏం వాదిస్తాడని ఆవిడకు లాయరు మీద కూడా చులకనభావం కలిగింది. అయినా పని మొదలుపెట్టారు. ఆ మూడు రోజులు మేడ మీద అచ్చం ఆఫీసే నడిచింది. ఆధార్, పాన్, పెన్షను కాగితం, భర్త మరణ ధ్రువీకరణ పత్రం, అన్నీ ఒక్కో ప్లాస్టిక్ కవర్లో పెట్టారు. ఒక్కోదాని మీదా చీటీ అంటించారు. జిరాక్సు కొట్టువాడు అంచు వంకరగా తీశాడని రెండుసార్లు మళ్ళీ తీయించారు. డబ్బులు మాత్రం ఒక్కసారికే ఇచ్చారు. లాయరు ఏమడిగితే ఏం చెప్పాలో అద్దం ముందు నిలబడి అనుకున్నారు కూడా. "నా స్వార్జితం కాదండి, నాన్నగారు పసుపు కుంకుమల కింద ఇచ్చిన భూమి. దీని మీద మా తమ్ముడికి ఏ హక్కూ లేదు" అనే వాక్యం బాగా వచ్చింది. రెండుసార్లు అన్నారు.

నాన్నగారు రాసిచ్చిన ఆ కాగితం తీసి చూసుకున్నారు. గోదావరి ఊళ్ళలో ఆడపిల్లకు పెళ్ళిలో పొలమిస్తే పసుపు కుంకుమల కింద ఇచ్చామంటారు. తెల్లకాగితం మీద ఫలానా కాలవ కింద ఫలానా చెక్క అమ్మాయికి ఇచ్చామని నాలుగు ముక్కలు రాసి, నాలుగు మూలలా పసుపు రాసి, పెద్దమనుషులిద్దరి చేత సంతకాలు పెట్టించి, పెళ్ళికూతురి ఒళ్ళో పెడతారు. పొలం మాత్రం పుట్టింటివాళ్ళే చేసి, పంట పంపుతుంటారు. సూర్యకళ గారి ఒళ్ళో పెట్టింది కూడా అలాంటి కాగితమే. నలభై రెండేళ్ళుగా పట్టుచీరల మడతల్లో భద్రంగా ఉంది. అందరి కాగితాలనూ అంత నిశితంగా చూసిన మనిషి, ఈ ఒక్క కాగితాన్ని ఎప్పుడూ ఆఫీసు కళ్ళజోడుతో చూడలేదు.

రెండుసార్లు పడిన నాలుగో నంబర్లలో రెండోది, పొలం ఎవరి పేరున ఉందో చెప్పే 1బి నకలు, తాజాది. దానికోసం బుధవారం పొద్దున్నే ఆటో మాట్లాడుకుని పుట్టింటి ఊళ్ళో గ్రామ సచివాలయానికి వెళ్ళారు. తమ్ముడి ఇల్లు దారిలోనే ఉంది. ఆగలేదు.

అక్కడ కంప్యూటర్ ముందు కృపారాణి అనే అమ్మాయి కూర్చుని ఉంది. లేచి కుర్చీ వేసింది, మంచినీళ్ళిచ్చింది. ఆఫీసులో కూర్చుని ఇంత మర్యాద చేసేవాళ్ళకు పని చేతకాదని సూర్యకళ గారి అభిప్రాయం.

"ఎవరి పేరున చూడమంటారండి?"

"నా పేరునే. పొలం నాదైతే ఇంకెవరి పేరున చూస్తావమ్మా?"

కృపారాణి చూసింది. ఇంకోసారి చూసింది. "మీ పేరున ఏమీ రావట్లేదండి. నాన్నగారి పేరు చెప్తారా?" చెప్పారు. ఆ అమ్మాయి కాసేపు వెతికి, స్క్రీను ఇటు తిప్పింది. "కాలవ కింద ఎకరంన్నర, ఇదేనాండి? ఇది గణేష్‌బాబు గారి పేరున ఉందండి."

సూర్యకళ గారు సంచిలోంచి కవరు తీసి, అందులోంచి పసుపు కాగితం తీసి, బల్ల మీద పెట్టారు. కృపారాణి దాన్ని జాగ్రత్తగా విప్పి అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీని మీద రిజిస్ట్రేషన్ నంబరు ఎక్కడుందండి?"

"పసుపు కనపడట్లేదూ? పెద్దమనుషుల సంతకాలు కనపడట్లేదూ?"

"కనపడుతున్నాయండి. నంబరే కనపడట్లేదు." ఆ అమ్మాయి గొంతులో వెటకారం లేదు. ఉంటే బాగుండేది, ఆవిడ ఏదో ఒకటి అనగలిగేవారు. "లాయరు గారికి చూపించండమ్మా. ఇంకో కాగితం ఏదైనా ఉంటే అది కూడా పట్టుకెళ్ళండి."

తిరుగు ప్రయాణంలో ఆటో కుదుపులకు కాగితాల సంచి ఒళ్ళోంచి జారినా ఆవిడ పట్టించుకోలేదు. ఉన్నమాట చెప్పాలంటే, ఆనందం వేసింది. దొంగ! ఇన్నాళ్ళూ కాయల దొంగ అనుకున్నాను, వీడు పొలం దొంగ! తన అంచనా తప్పలేదు. పొలం పోయినా ఫరవాలేదనిపించేంత తృప్తి కలిగింది ఆవిడకు. ఇల్లు చేరగానే ఫోన్ చేసి, "ఒరేయ్ గణేషూ, ఉన్నపళంగా రా" అన్నారు.

"ఆయ్" అన్నాడు గణేష్‌బాబు.

గంటలో వచ్చాడు. ఒక చేత్తో అరటి గెల పట్టుకుని, లుంగీ మీదే. సూర్యకళ గారు కూర్చోమనలేదు. 1బి నకలు మొహం మీద ఆడించి, "ఇదేంటి?" అన్నారు.

గణేష్‌బాబు కళ్ళు చిట్లించి చూశాడు. "1బి. మన పొలానిది."

"ఎవరి పేరున ఉంది?"

"నా పేరున. అప్పట్నించీ నా పేరునే ఉందిగా."

"సిగ్గు లేకుండా ఎలా చెప్తున్నావురా? నాన్న నాకిచ్చిన పొలాన్ని నా వెనకాల నీ పేరున రాయించుకుంటావా?"

గణేష్‌బాబు గెలను గోడ వారగా పెట్టి, తనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నేను రాయించుకోలేదు. నాన్న పోయాక పాసుపుస్తకాలు ఇచ్చేటప్పుడు వాళ్ళే అంతా కలిపి కొడుకు పేరున వేసేశారు. ఇది మా అక్కదండి, విడదీయండి అని నేనే అడిగేను. అయితే అక్క చేత అర్జీ మీద సంతకం పెట్టించుకుని రమ్మన్నారు. పట్టుకుని మీ ఆఫీసుకొచ్చేను. గుర్తు లేదా?"

"నువ్వెప్పుడొచ్చావు?"

"నాట్లప్పుడు. చేలోంచి అలాగే వచ్చేసేను, కాళ్ళకి బురద. లైన్లో నిలబడే వచ్చేనక్కా. కాగితం లోపలికిస్తే నువ్వు పై నాలుగు గళ్ళు చూసి, ఇది సరిగ్గా నింపలేదు, ఇంకో కాగితం మీద రాయించుకుని రా అని తోసేసేవు. ఇది నీదే అక్కా అన్నాను. వెనకాల జనం ఉన్నారు జరుగు అన్నావు."

సూర్యకళ గారు లేదనబోయారు. అనలేకపోయారు. ఆ రోజు బాగా గుర్తుంది, అర్జీ వల్ల కాదు, బురద వల్ల. పక్క సీటాయన "ఎవరండీ ఆయన, అక్కా అంటున్నాడు?" అని అడిగితే, "మా పొలం చేసే మనిషండి" అన్నారు. గణేష్‌బాబు అప్పటికి ఇంకా మెట్ల దగ్గరే ఉన్నాడు. వినిపించిందో లేదో ఆవిడ ఏనాడూ ఆలోచించలేదు.

"మళ్ళీ రావచ్చుగా?" అన్నారు, గొంతులో పదును తగ్గకుండా చూసుకుంటూ.

"మళ్ళీ రాబుద్ధి కాలేదు" అన్నాడు గణేష్‌బాబు. "పేరు ఎక్కడుంటే ఏంటిలే, పొలం అక్కదని ఊరందరికీ తెలుసుగా అనుకున్నాను. పంట నీకే తెస్తున్నాను. మావాడు అమ్మేద్దాం నాన్నా, మంచి రేటొచ్చింది అని రెండుసార్లు అడిగేడు. అది అత్తదిరా, మనం ముట్టుకోకూడదు అని చెప్పేను."

ఇక్కడ ఆవిడకు ఊపిరాడింది. పట్టుకోవడానికి ఒకటి దొరికింది. "అంత నీతిమంతుడివైతే, పెద్ద కాయలు అమ్ముకుని నాకు గిటకలు తెస్తావెందుకు?"

గణేష్‌బాబు తల దించుకున్నాడు. చెవి వెనకాల గోక్కున్నాడు. "అది నిజమే. తప్పే. కాయలు నొక్కేసేను."

"నీ పేరున ఉన్న తోటలో నువ్వే దొంగతనం చేశావా?"

"పేరు నాదైతే మాత్రం, తోట నీదిగా" అన్నాడు అమాయకంగా. "కాయలు నొక్కెయ్యడం వేరు, పొలం మింగెయ్యడం వేరక్కా. కాయలకైతే తిడతావు, పడతాను. పొలం మింగితే నాన్నకి మొహం ఎలా చూపిస్తాను?"

మంచం మీద చీటీలు అంటించిన కవర్లన్నీ వరసగా పరిచి ఉన్నాయి. చూస్తున్నకొద్దీ వాటి మీద రోత పుట్టింది. అయినా అలవాటు ఊరుకోదు. ఓడిపోయినప్పుడు కూడా అవతలివాడికి ఒక దెబ్బ తగిలించనిదే ఆవిడకు నిద్ర పట్టదు.

"శుక్రవారం రాజమండ్రి వెళ్తున్నాను, వీలునామా రాయించడానికి. నీకు దక్కకుండా ఒక అనాథాశ్రమానికి రాయిద్దామనుకున్నాను."

గణేష్‌బాబు మొహం ముడుచుకుపోయింది. అక్క తనకే ఇస్తుందని అనుకున్నాడో ఏమో, పైకి చెప్పలేదు. తర్వాత మామూలుగానే అడిగాడు.

"అయితే ముందు నేను నీకు రాసివ్వాలిగా? లేకపోతే నువ్వు వాళ్ళకెలా ఇస్తావు? శుక్రవారమే అయితే నేనూ వస్తాను. నాది నీకు, నీది వాళ్ళకు. ఒక్కరోజే మాట్లాడేసుకుందాం."

సూర్యకళ గారికి తల కొట్టేసినట్టయింది. ఎవరికి దక్కకూడదని మూడు రోజులుగా కవర్లకు చీటీలు అంటించారో, ఆ మనిషే సంతకం పెడితే తప్ప ఆ పని జరగదు. పెడతానంటున్నాడు కూడా. నీకు రోషం లేదట్రా అని అడగాలనిపించింది. అడిగితే ఉందంటాడేమోనని భయం వేసింది.

"అక్కర్లేదులే" అన్నారు, కవర్లు ఒకదాని మీద ఒకటి పేరుస్తూ. "నీ పేరున ఉందిగా, నీ దగ్గరే ఉండనీ. నేనెక్కడికీ వెళ్ళను."

ఇది విని గణేష్‌బాబు సంతోషిస్తాడనుకున్నారు. మెల్లగా లేచి నిలబడ్డాడు.

"నువ్వు చేతులారా నాకిస్తే పుచ్చుకుంటానక్కా. ఆ పిల్లలకిస్తే సరే అని ఊరుకుంటాను. నీ దగ్గర కాగితం లేదని నా మొహాన పడేస్తే మాత్రం నాకొద్దు. శుక్రవారం నీ పేరున రాసిస్తాను. ఆ తర్వాత ఎవరికిస్తావో నీ ఇష్టం."

అంటూ అక్క వైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే సూర్యకళ గారికి లెక్కే లేదు. కోపం కాదు. నువ్వు ఇంతేనా అని తేల్చుకుని, ఇక ఆశించడానికేమీ లేదని పక్కన పెట్టేసిన చూపు. ఆ చూపు ఆవిడకు కొత్త కాదు, జీవితమంతా ఎందరినో అలాగే చూశారు. ఎదటి వైపున నిలబడటమే కొత్త. మొహం అటు తిప్పేసుకున్నారు. సిగ్గుతో చెవులు వేడెక్కిపోయాయి.

గణేష్‌బాబు గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ ఆగాడు.

"శుక్రవారం ఎనిమిదింటికి కారు మాట్లాడుకొస్తాను. ఆధార్ జిరాక్సులు ఇంకో రెండు తీయించు, ఫొటోలు కూడా పెట్టుకో. ఏది మర్చిపోయినా మళ్ళీ రమ్మంటారు."

"అలాగే" అన్నారు సూర్యకళ గారు.